వంటగది ఉన్న ప్రాగ్

ప్రాగ్ ఎందుకు వెళ్ళాలో మూర్తి శుక్రవారం తమ ఇంటికి భోజనానికొచ్చిన శశాంక్ కుటుంబానికి చెప్పుకొచ్చాడు. చెప్పినంతసేపూ అతని భార్య వైదేహి వడ్డిస్తూనే ఉంది.

"చూడు శశాంక్, అందరూ పారిస్, లండన్ అని వెర్రెత్తిపోతారు. ప్రాగ్ అయితే వెయ్యేళ్ళ ఊరు, పైగా చవక. పాత ఊరంతా కాళ్ళతోనే తిరిగెయ్యొచ్చు. వంతెన ఎక్కడానికి టికెట్ లేదు, కోట ఆవరణలోకి టికెట్ లేదు. గంటగంటకీ బొమ్మలు తిరిగే పాత గడియారం ఒకటుంది, వీధిలో నిలబడి చూసుకోడమే. ట్రామ్ పాస్ కొనుక్కుంటే ఊరు మనదే!"

"ఎంత స్టడీ చేశారన్నయ్యగారూ!" అంది శశాంక్ భార్య మణి. మూర్తి కొంచెం సిగ్గుపడుతున్నట్టు నవ్వి, ఇంకాస్త పులుసు వెయ్యమని కంచం ముందుకి జరిపాడు.

ఆ మాటల్లో ఏది తన నోట్‌బుక్కులో ఏ పేజీలో ఉందో కూడా వైదేహి చెప్పగలదు. దుబాయ్‌లోని ఇంటర్నేషనల్ సిటీలో వాళ్ళుండే బ్లాకుల గుంపు పేరు ఫ్రాన్స్ క్లస్టర్. ఎనిమిదేళ్ళుగా ఫ్రాన్స్‌లో కాపురం, యూరప్ ముఖం మాత్రం చూసింది లేదు. దేరాలో క్లినిక్కులో ఇన్సూరెన్స్ కాగితాలు చూసే ఉద్యోగం ముగించుకుని, రషీదియాలో మెట్రో దిగి, ఇంటి బస్సు కోసం ఎండలో నిలబడే ఇరవై నిమిషాలే ఆమెకి రోజంతటిలోనూ సొంతంగా మిగిలేవి. రెండేళ్ళు ఆ ఇరవై నిమిషాలూ ఫోన్‌లో ప్రాగ్ వీధుల్లో తిరిగింది. ఆ సంగతులే మొదటిసారి మూర్తికి చెబితే, "నీకు వేరే పనేం లేదా?" అన్నాడు. ఇప్పుడు ఆ పనిలేని సంగతులన్నీ అతని నోట స్టడీ అయిపోయాయి!

"అసలు పాయింట్ చెప్పలేదు," అన్నాడు మూర్తి. "హోటళ్ళు మనకొద్దు. కిచెన్ ఉన్న ఫ్లాట్ తీసుకుందాం, రెండు ఫ్యామిలీలకీ కలిపి ఒకటే. వైదేహి ఉండగా మనకి తిండి ఖర్చేంటి? కుక్కరూ, పచ్చళ్ళూ పట్టుకెళ్తే ఖలాస్!"

"ప్రాగ్‌లో అక్కయ్య చేతి పప్పుచారు! ఆ మజాయే వేరు బావగారూ," అన్నాడు శశాంక్.

"అమ్మయ్య, వదినుంటే నాకూ సెలవే," అంది మణి. అందరూ నవ్వారు. వైదేహి కూడా నవ్వింది, అలా నవ్వినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

ఎందుకంటే మూర్తి అన్ని కారణాలూ చెప్పి, ఆమె నోట్‌బుక్కులో మొట్టమొదట రాసుకున్న ఒక్కదాన్నే వదిలేశాడు. ఆ ఊళ్ళో మధ్యాహ్నంపూట ఆఫీసువాళ్ళు తినే చిన్న హోటళ్ళుంటాయట. వేడివేడి సూపు, రొట్టె, ఒక కూర. తనలాంటి వాళ్ళ జీతానికి కూడా అందే ధరే. కూర్చుని తినొచ్చు, అని రాసుకుని కింద రెండు గీతలు గీసుకుంది. పెళ్ళయి పదహారేళ్ళలో ఆమె ఎక్కడికి వెళ్ళినా ముందు వండి వెళ్ళింది. అల్ ఐన్ పిక్నిక్‌కి ఇరవైమందికి పులిహోర కలిపి, కొండమీదికి కారెక్కేసరికి నిద్ర ముంచుకొచ్చి, దారిలో తోటలూ చూడలేదు, కొండా చూడలేదు. సెలవులకి ఇండియా వెళ్తే అత్తగారు గుమ్మంలోనే, "దుబాయ్‌లో సుఖపడ్డావుగా తల్లీ, ఈ నెల్రోజులూ నా చేతులకి కాస్త విశ్రాంతియ్యి," అంటుంది. పాపం ఆవిడ చేతులూ అరిగిపోయినవే, కాదనలేం. కానీ మామగారు ఆ విశ్రాంతి ఒక్కరోజైనా ఇవ్వచ్చు కదా! ఆ మాట మాత్రం ఎవరికీ తట్టదు. క్లినిక్కులో ముదీర్, అంటే మేనేజరు, కూడా అంతే. ఆమె సెక్షన్‌లో ఆరుగురుంటే, మీటింగ్ ఉన్న ప్రతిసారీ, "చాయ్, కేకు సంగతి వైదేహి చూస్తుంది, తనైతే చక్కగా చూసుకుంటుంది," అంటాడు. ఆ 'చక్కగా' అన్న మాట విన్నప్పుడల్లా ఏదో ఒక పని వచ్చి మీద పడిందని ఆమెకి అర్థమైపోతుంది.

ప్రయాణం సెప్టెంబర్‌లో, పెద్ద ఈద్, అదే బక్రీద్ సెలవులకి. వచ్చే జనవరి నుంచి దుబాయ్‌లో ప్రతి దానిమీదా వ్యాట్ వేస్తారట, ఈలోపే తిరిగేసి రావాలని మూర్తి పట్టు. వీసా కాగితాలు కూడా 'చక్కగా' ఆమె వాటాకే వచ్చాయి. తామిద్దరూ, కూతురు అలేఖ్య, శశాంక్‌వాళ్ళు నలుగురు, మొత్తం ఏడుగురి ఫారాలు నింపింది. దుబాయ్‌లో ఆమె ఉంటున్నది మొగుడి స్పాన్సర్‌షిప్ మీద. ఎనిమిదేళ్ళుగా జీతం తెస్తున్నా ఆమె వీసామీద 'హౌస్‌వైఫ్' అనే ఉంటుంది. అందుకని, 'నా భార్య ప్రయాణానికి నాకు అభ్యంతరం లేదు' అని మూర్తి రాసిచ్చే ఉత్తరం కావాలన్నారు. ఆ ఉత్తరం కూడా ఆమే టైపు చేసింది. అతను క్రికెట్ చూస్తూ, చదవకుండానే సంతకం పెట్టేశాడు.

ఇక బస. దుబాయ్‌లో యూరప్ వీసాకి వెళ్ళే మనవాళ్ళందరూ చేసే పనొకటుంది. ఉచితంగా రద్దు చేసుకోగలిగిన హోటల్ ఒకటి బుక్ చేసి ఆ కాగితం వీసావాళ్ళకి చూపిస్తారు. పాస్‌పోర్టు మీద స్టాంపు పడగానే ఆ హోటల్ రద్దు చేసి, తమకి కావలసిన చోటు తీసుకుంటారు. వైదేహి కూడా అలాగే ఒక చిన్న హోటల్ పట్టింది, ట్రామ్ స్టాపు పక్కనే. లిఫ్టు లేదు, మూడంతస్తుల మెట్లెక్కాలి. పొద్దున గదితోపాటు రొట్టె, గుడ్డు, కాఫీ ఇస్తారు. గదులు హోటల్‌వాళ్ళే శుభ్రం చేస్తారు. వంట సదుపాయం లేదు, అని కింద రాసి ఉంది. ఎందుకో ఆమె ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుంది.

వీసాలు వచ్చిన రోజే మూర్తి ఆఫీసు నుంచి అందరికీ ప్రోగ్రాం పంపాడు, రంగురంగుల గడులతో. అలేఖ్య సోఫాలో పడుకుని తండ్రి ఫోన్‌లో అది పైకి చదువుతోంది. పదమూడేళ్ళ పిల్లకి అంతా సరదాగా ఉంది.

"ఏడు నుంచి ఎనిమిదిన్నర, అందరూ రెడీ అవ్వాలి. ఆరు నుంచి ఎనిమిదిన్నర, అమ్మ: టిఫిను, లంచ్ ప్యాకింగ్. అమ్మా, ఇదేంటి, రోజూ ఇలాగే ఉంది?" ఆగి మళ్ళీ చూసింది. "నాలుగోరోజు మేమందరం వేరే ఊరు వెళ్తున్నాం, నువ్వు రావా? నీ పేరు దగ్గర 'ఫ్లాట్, బిరియానీ' అనుంది."

వైదేహి గరిటె పట్టుకునే వచ్చి చూసింది. నిజమే.

"ఇదేంటండీ?"

"అదా, ఆ రోజు శశాంక్‌వాళ్ళ పెళ్ళిరోజు కదా," అన్నాడు మూర్తి టీవీ మీంచి చూపు తిప్పకుండా. "సాయంత్రం రాగానే బిరియానీ ఉంటే బావుంటుందనీ. నీకూ కాస్త రెస్ట్ తీసుకున్నట్టుంటుంది."

ఆమెకి కోపం రాలేదని చెబితే అబద్ధం. ఒళ్ళంతా కుతకుత ఉడికిపోయింది. ఏడుగురికి బిరియానీ చెయ్యడం రెస్టట! రెండేళ్ళు కలగన్నది, ఎండలో నిలబడి వీధి వీధీ వెతుక్కున్నది తను. తీరా వెళ్ళేది ఆరుగురు, తను వాళ్ళతోపాటు సామాను. ఊరు చవక ఊరు చవక అంటుంటే రాళ్ళదీ ట్రామ్‌లదీ గొప్ప అనుకుంది. చవకైంది తనేనని ఆ గడి చూసేదాకా తెలియలేదు.

"ఆ హోటల్ క్యాన్సిల్ కొట్టెయ్, ఫ్లాట్‌వాడికి డబ్బు కట్టెయ్. క్యాన్సిల్‌కి గడువు గురువారం సాయంత్రం ఆరింటిదాకానే, దాటితే డబ్బు తిరిగిరాదు. మర్చిపోకు," అన్నాడు మూర్తి.

"చూస్తాను," అంది.

గురువారం మధ్యాహ్నం క్లినిక్కులో లంచ్ డబ్బా మూత తియ్యకుండానే బుకింగ్ తెరిచింది. రద్దు చేసే గుర్తు ఎర్రగా కనిపిస్తోంది. ఒక్కసారి నొక్కితే ఇంట్లో అందరూ సంతోషిస్తారు. వేలు దాని దాకా వెళ్ళింది కూడా. పదహారేళ్ళుగా ఆ వేలు అలా అందరి సంతోషాల మీదా నొక్కుతూనే ఉంది. వెనక్కి తీసుకుని మణికి ఫోన్ చేసింది. దొంగచాటుగా చెయ్యడం ఆమెకి ఇష్టం లేదు.

"మణీ, మేం ముగ్గురం ఆ హోటల్లోనే ఉంటాం. నేనక్కడ వంట చెయ్యడం లేదు. మీ గదులు క్యాన్సిల్ చెయ్యనా? మీరు ఫ్లాటే తీసుకుంటామంటే వివరాలు పంపిస్తాను."

అటువైపు మణి స్టవ్ దగ్గర ఉన్నట్టుంది. కుక్కర్ కూత ఒకటి వినిపించింది. మరో కూత. ఆ తర్వాత మణి గొంతు బాగా తగ్గించి, "ఆ ఫ్లాట్‌లో మీరు లేకపోతే వంట ఎవరు చేస్తారో తెలిసిందేగా వదినా," అంది. "మావీ ఉంచెయ్. ఈయనకి నేను చెప్పుకుంటాలే."

సాయంత్రం ఆరు దాటేసరికి వైదేహి రషీదియాలో బస్సుకోసం నిలబడి ఉంది. ఫోన్ చూసుకుంది, సంచిలో పడేసింది. అంతే, గడువు దాటిపోయింది.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుండగానే మూర్తి ఎదురొచ్చాడు. శశాంక్ అప్పుడే ఫోన్ చేసి ఉంటాడు, ముఖం కందగడ్డలా ఉంది.

"ఏంటి వైదేహీ ఇది? క్యాన్సిల్ చెయ్యలేదట! మణికి కూడా నూరిపోశావట! బడ్జెట్ ట్రిప్ అనుకున్నాం కదా మనం?"

"బడ్జెట్‌లోనే ఉందండీ. కావాలంటే లెక్క చూపిస్తాను. నేను వండకపోయినా ఆ ఊరు మనకి అందుతుంది. అందుకే వెతికాను ఆ ఊరు."

"నాకసలు అన్నం లేకపోతే గడుస్తుందా? అలేఖ్య సంగతేంటి? ఆ పరాయి ఊళ్ళో నువ్వు వండకపోతే మేం ఏం తినాలి?"

అతని గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుందని ఆమెకి అప్పుడు తెలిసింది. జాలేసింది కూడా. అయినా సంచి కుర్చీలో పెట్టి, అతని ఎదురుగా కూర్చుంది.

"ఆ ఊళ్ళో పదమూడు లక్షలమంది ఉన్నారండీ," అంది నెమ్మదిగా. "ఇన్నేళ్ళుగా వాళ్ళందరూ మూడుపూటలా తింటూనే ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికీ నేను వండిపెట్టలేదు."