గడియ లేని గది

గాలి.

తలుపు తీయగానే ముఖానికి కొట్టింది. చల్లటి గాలి... తడి మట్టి వాసనతో, ఎవరిదో అత్తరు వాసనతో.

పొద్దున పనికి వెళ్తూ ఆమె కిటికీ మూసి వెళ్లింది.

ఇప్పుడది బార్లా తెరిచి ఉంది.

దుప్పటి తాను పరిచినట్టే ఉంది. అంచున మాత్రం ఒక గుంట. ఎవరో కూర్చుని లేచిన గుంట. సిగ్గులేకుండా, ఇంకా పొంగని గుంట.

ఆమె కృత్రిమ కాళ్లు చేస్తుంది. తెగిన మోకాలికి తడి ప్లాస్టరు పట్టీ చుట్టి, అచ్చు తీసి, ఆ అచ్చుకి సరిపడే కాలు తయారుచేస్తుంది. ఒంటి బరువు ఎక్కడ ఎలాంటి గుర్తు వదులుతుందో ఆమె వేళ్లకి తెలుసు.

కొత్త రకం కాళ్ల పని నేర్చుకు రమ్మని ఆసుపత్రి వాళ్లు కొన్నాళ్లపాటు పంపారు, ఈ దేశానికి. భాష రాని దేశం. చెట్లు కూడా వేరే భాషలో ఊగుతున్నట్టుండే దేశం.

అందుకే, గది కోసం చేసిన ఫోన్‌లో తెలుగు వినబడగానే ప్రాణం లేచొచ్చింది.

"మనవాళ్లే కదమ్మా. గది ఖాళీగానే ఉంది. నాకు చెల్లెల్లాంటిదానివి."

ఆయనా ఆ ఇంట్లో అద్దెకున్నవాడే. ఒక గది తనకి ఉంచుకుని, రెండోది వచ్చిపోయేవాళ్లకి ఇచ్చేవాడు. నడుముకి తాళాల గుత్తి. నడిస్తే గలగల. మనసులో ఆమె పెట్టుకున్న పేరు — తాళాలాయన.

వచ్చిన రోజే అడిగింది. కాగితం రాసుకుందామంది. "మనలో మనకి కాగితాలేంటి?" నవ్వాడు. ఇంటి ఓనర్ నంబర్ ఇవ్వమంది. "ఆ ముసలాయనకి చెవుడు." నవ్వాడు. తలుపుకి లోపల గడియ లేదేమంది. "ఇదేమన్నా సత్రమా, చెల్లెమ్మా?" మళ్లీ నవ్వాడు.

ఆ నవ్వుకి ఆమె కూడా కాస్త నవ్వింది. పరాయిచోట నవ్వకపోతే ఎలా అని.

ఇప్పుడు, ఆ గుంట పక్కన నిలబడి, అక్కకి ఫోన్ చేసింది. అక్క బస్సు కండక్టరు. నిండు బస్సులో కూడా గొంతు పెంచకుండా అందరినీ కూర్చోబెట్టగల మనిషి.

"నవ్వావా? దొంగ చేతికి తాళాలిచ్చి పైగా నవ్వావా? ఒసేయ్, మెత్తగా కనిపిస్తే మొత్తబుద్ధవుతుందే. సరే, ఏడ్చింది చాలు. పాస్‌పోర్ట్ ఎక్కడుంది?"

"నా దగ్గరే. తన బీరువాలో పెడితే భద్రమన్నాడు. ఇవ్వలేదు."

"అదీ! ఆ ఒక్క పనిలో నా చెల్లెలివనిపించుకున్నావు."

గాలి కిటికీ రెక్కని విసిరి కొట్టింది.

ఆమె కదిలింది.

భయం ఉంది. ఉండనీ... భయాన్ని వెంటబెట్టుకునే వెళ్లింది.

వంటింట్లో తాళాలాయన టీ కలుపుకుంటున్నాడు. అదే అత్తరు వాసన.

"నా గదిలోకి ఎందుకొచ్చారు?"

"గాలాడట్లేదని కిటికీ తీశాను. అన్నయ్యనే కదా..."

"అన్నయ్యలు తలుపు కొట్టి వస్తారు."

చెంచా ఆగింది. గలగల ఆగింది.

మర్నాడు పని నుంచి వస్తూ ఇనప గడియ కొనుక్కొచ్చింది. వెలుగుండగానే, అందరికీ వినబడేలా, బిగించింది. రోజూ మనుషుల కాళ్లకి మరలు బిగించే చేతులు. చెక్క కిర్రుమంది. అననీ.

ఆయన వచ్చి నిలబడ్డాడు.

"తలుపు పాడుచేస్తున్నావు. ఎవరికి చెప్పుకున్నా ముందు నిన్నే తిరుగు విమానం ఎక్కిస్తారు, తెలుసా?"

"కనుక్కున్నాను. మా ఆఫీసులో అడిగాను. నా వీసా సరిగ్గానే ఉంది. నంబర్ కూడా ఇవ్వకుండా, ఓనర్‌కి తెలియకుండా గది అద్దెకిస్తున్నది మీరు. పోలీసుల్ని మీరు పిలుస్తారా, నన్ను పిలవమంటారా?"

ఆయన పిలవలేదు.

ఆమె లోపలికి వెళ్లి గడియ పెట్టింది. టక్. చిన్న చప్పుడు. ఆ ఇంట్లో తనదైన మొదటి చప్పుడు.

అయినా అక్కడ ఉండదలచుకోలేదు. పనిచేసేచోట ఒక నర్సు, తను అద్దెకుండే ఇంట్లో గది ఉందంది. ఈసారి ఆమె ముందు ఓనర్‌ని కలిసింది. కాగితం చదివింది. తలుపు లోపల్నుంచి వేసి చూసింది. అడ్రసు అక్కకి పంపింది. అప్పుడు సరేనంది.

వెళ్లిపోయే రోజు పెట్టె పట్టుకుని బయటికొచ్చేసరికి — మెట్ల మీద ఒక అమ్మాయి. భుజాన సంచి. కళ్లలో తీరని ప్రయాణపు నిద్ర.

"రా చెల్లెమ్మా, రా. మనవాళ్లే కదా."

అవే మాటలు. అదే తీపి.

ఆమె దిగిపోవచ్చు. కిందికి దారి ఖాళీగా ఉంది. మనకెందుకులే అనుకుంటే చాలు...

దిగలేదు.

"అమ్మాయ్, ఈ గదికి లోపల గడియ ఉండేది కాదు. నేను పెట్టుకున్నాను. నేను లేనప్పుడు ఈయన లోపలికొచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. పాస్‌పోర్ట్ తన దగ్గర పెట్టమన్నాడు. ఆపైన నీ ఇష్టం. నా నంబర్ రాసుకో. మా దగ్గర ఇంకో మనిషికి చోటుంది."

తాళాలాయన నవ్వాడు. "పిచ్చిది. పట్టించుకోకు."

ఈసారి ఆ నవ్వుకి తోడు ఎవరూ నవ్వలేదు.

అమ్మాయి నంబర్ రాసుకుంది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"ఓనర్ గారి నంబర్ ఇవ్వండి."

"ఎందుకమ్మా, ఆయనకి —"

"ఇవ్వండి."

కింద వీధి తలుపు ఎవరో తీసినట్టున్నారు. గాలి మెట్లెక్కి వచ్చింది... చల్లగా, తడి మట్టి వాసనతో.

అమ్మాయి సంచి ఇంకా గడప బయటే ఉంది.