ఎండక్క నల్లగుండు

లాండ్రీలోని ఇస్త్రీ గదిలోకి రాగానే ఎండక్క చెప్పులు విప్పింది. నేల ఎంత కాలుతోందో ముందు అరికాలితో చూసుకోవడం ఆమె అలవాటు. ఆ తర్వాత కళ్లజోడు తుడుచుకుని, ఇటుకలు పేర్చి మూసేసిన కిటికీ పక్కన స్టాండుకు వేలాడుతున్న నల్లగుండు వైపు చూసింది. చూసి అక్కడే నిలబడిపోయింది. గుండు మీద తడిగుడ్డ కప్పి ఉంది.

ఎండక్క అన్నది ఇస్త్రీవాళ్లు పెట్టిన పేరు. ఏటేటా ముదురుతున్న ఎండలకు పనిచేసే మనుషుల ఒంట్లో ఏం జరుగుతోందన్నది ఆమె పరిశోధన. ఎండ పెరిగిందని అందరూ అంటారు. అది ఎవరి ఒంటికి ఎంత తగులుతోందో వెళ్లి చూసేవాళ్లు తక్కువ. ఆమె వెళ్తుంది. వ్యాసాల్లో ఆమె పేరు నలుగురి పేర్ల తర్వాత వస్తుంది. సభల్లో వెనక వరుసలో, ఫ్యాను కింద చోటు వెతుక్కుంటుంది. ఆ ఒక్క విషయంలో మాత్రం మహా స్వార్థపరురాలు.

గుండు అంటే లోపల థర్మామీటరు పెట్టిన బోలు రాగి బంతి. నల్లరంగు ఆమె తన చేత్తో పూసుకున్నదే. గాలి వేడితో పాటు ఇస్త్రీ పెట్టెలు, ఆవిరి గొట్టాలు మనిషి మీదికి చిమ్మే సెగను కూడా అది పట్టుకుంటుంది. దాని పక్కన మొనకు తడివత్తి చుట్టిన చిన్న థర్మామీటరు ఉంటుంది. చెమట ఆరే వీలుందో లేదో అది చెబుతుంది.

"గుడ్డ ఎవరు కప్పారు?"

పెద్ద ఇస్త్రీ ఆవిడ సంబరంగా ముందుకొచ్చింది. "నేనేనక్కా. చిన్నదానికి తడిబట్ట చుట్టి పెద్దదాన్ని వదిలేశారు కదా, మర్చిపోయారనుకున్నాం. పాపం, ఒళ్లంతా కాలిపోతోంది దానికి. వారం నుంచీ ఆరనివ్వకుండా తడుపుతూనే ఉన్నాం."

గుండు తనలో దాచుకున్న వారం రోజుల అంకెలూ నీళ్లపాలయ్యాయి. ఎండక్కకు కోపం ముంచుకొచ్చింది. కానీ ఆవిడ బట్టలు చెమటకు వీపుకు అతుక్కుపోయి ఉన్నాయి, తలకు చుట్టుకున్నది పొడిగుడ్డ. అది చూశాక కోపం పోయి నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"దాని మీద జాలిపడ్డారు సరే, మీ సంగతేంటి?"

"మాకలవాటేగా."

సాయంత్రం లాండ్రీ యజమాని వస్తాడు. మొన్నామధ్య ఈ గదిలోనే ఒకమ్మాయి కళ్లు తిరిగి పడిపోతే, పొద్దున ఏమీ తిని ఉండదని తేల్చేశాడు. ఎండక్క వెంటపడి వేధించి, అంకెలు చూపిస్తే కిటికీ తెరిపిస్తానని అతని దగ్గర మాట తీసుకుంది. రేపు అతను ఊరు వెళ్తే మళ్లీ వచ్చేది వేసవి దాటాకే. మిగిలింది ఈ ఒక్కరోజు. ఆమె గుడ్డ తీసేసి, స్టూలు లాక్కుని గుండు పక్కనే కూర్చుంది.

తమ్ముడు ఫోను చేశాడు. "అక్కా, నీ గుండెకు వేడి పడదని డాక్టరు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడా లేదా? అంకెలేగా, ఎవరో ఒకరు చూస్తారు."

"అంకెలు ఎవరైనా చూస్తార్రా. మనుషుల్ని కూడా చూడాలిగా."

పెట్టె దించిన ప్రతి మనిషి మణికట్టూ పట్టుకుని నాడి చూసింది. దాహమవుతోందా, తల తిరుగుతోందా అని అడిగింది. "మా ఆయన కూడా ఇన్నిసార్లు చెయ్యి పట్టుకోలేదక్కా," అంది పెద్దావిడ. గదంతా నవ్వింది. అందరి నాడీ చూసిన మనిషి తన మణికట్టు మాత్రం ముట్టుకోలేదు. ఆ మొండితనానికి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది, పట్టుకుని రెండు తగిలించాలనీ అనిపిస్తుంది.

సాయంత్రం యజమాని గుమ్మంలోనే ఆగాడు. "అంకె చెప్పండమ్మా, వెళ్లాలి."

"లోపలికొచ్చి మీరే చూడాలండీ. గుండులో అంకె కుదురుకోవడానికి కాసేపు పడుతుంది."

పెద్దావిడ తలవంచుకుని నవ్వు దాచుకుంది. గుండు పొద్దున్నే కుదురుకుంది. ఏనాడూ ఒక్క అంకె అటూ ఇటూ చేయని మనిషి ఆడిన అబద్ధం అదొక్కటే. యజమాని నిలబడ్డాడు. కాలరు తడిసింది. గుండీ విప్పుకున్నాడు. చుట్టూ ఆడవాళ్లు ఆగకుండా ఇస్త్రీ చేస్తూనే ఉన్నారు.

"ఇంకా కాలేదా?"

"ఇంకొంచెం."

అతను ముఖం తుడుచుకుని గుమ్మం వైపు తిరిగాడు. "రేపు పొద్దున్నే మేస్త్రీని పంపిస్తాను."

"అంకె కూడా చూసి వెళ్లండి," అంది ఎండక్క. చూసేదాకా వదల్లేదు.

ఇంటికెళ్లి చన్నీళ్లతో స్నానం చేసింది. "కిటికీ తెరుస్తార్రా," అని తమ్ముడితో చెప్పి, పడక కుర్చీలో వాలి కళ్లు మూసుకుంది. భోజనానికి లేపబోతే ఆమె ఇక లేవలేదు.

మేస్త్రీ వచ్చి ఇటుకలు తీసేశాడు. కొన్నాళ్లకు అక్క సామాను తీసుకెళ్దామని వచ్చిన తమ్ముడు, స్టాండు మీద చెయ్యి వేసి నిలబడ్డ పెద్దావిడను చూసి, ఉత్త చేతులతో వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఆవిడ పెట్టె దించి, తలగుడ్డ తడుపుకుని చుట్టుకుంది. ఇంకో గుడ్డ తడిపి పిండి, గుండు మీద కప్పింది. తీసెయ్యమనేవాళ్లు ఇప్పుడు లేరు. కిటికీలోంచి వచ్చే గాలికి నల్లగుండు మీద ఆ తడిగుడ్డ అంచు మెల్లగా కదులుతోంది.