రాళ్ల క్లాసులో ఎనిమిది వారాలు

బిజినెస్ కోర్సు పిల్లలుండే హాస్టల్లో, కింది అంతస్తున, బట్టలుతికే మిషన్ల గదిని ఆనుకుని సలహాల మేడమ్ ఆఫీసు ఉంది. ఏ సబ్జెక్టు ఎప్పుడు తీసుకోవాలో, ఏది వదిలేస్తే కొంప మునగదో చెప్పడం ఆవిడ ఉద్యోగం. వచ్చేవాళ్లలో సగం మంది బట్టలు ఆరేదాకా ఊసుపోక కూర్చునేవాళ్లే. వాళ్లకీ చెప్తుంది. పక్కగదిలో మిషను జోరందుకుంటే ఆవిడ బల్ల మీద పెన్నులు వాటంతటవే అంచు దాకా నడిచి వెళ్తాయి. మాట ఆపకుండానే వాటిని వెనక్కి జరుపుతుంది.

ఎనిమిదో వారంలో స్టాటిస్టిక్స్ మాస్టారి దగ్గర్నుంచి ఒక కాగితం వచ్చింది. రెండో ఏడాది అమ్మాయి ఒకతె మొదటి రోజు నుంచీ క్లాసు మొహమే చూడలేదట. మేడమ్‌కి నమ్మబుద్ధి కాలేదు. ఆ పిల్ల నోట్లో నాలుక లేని మనిషి. రోజూ పొద్దున ఏడున్నరకల్లా పుస్తకాలు గుండెలకి హత్తుకుని గేటు దాటడం తను కిటికీలోంచి చూస్తూనే ఉంది.

పిలిపించింది.

“స్టాటిస్టిక్స్‌కి వెళ్లట్లేదట?”

“లేదండీ.”

“మరి ఆ టైముకి ఎక్కడికెళ్తున్నావమ్మా?”

“రాళ్ల క్లాసుకండీ. జియాలజీ. మొదటి రోజు తెలీక వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. మధ్యలో లేచిపోతే మాస్టారు చిన్నబుచ్చుకుంటారని ఉండిపోయా. రెండో రోజు చెప్పేద్దామనే వెళ్లాను. ఆయన నా చేతిలో ఒక రాయి పెట్టి, ఇదేమిటో చెప్పమన్నారు.”

“చెప్పావా?”

“చెప్పానండీ. కరెక్టేనన్నారు.”

మేడమ్ జియాలజీ మాస్టారికి ఫోన్ చేసింది.

“ఆ అమ్మాయి నా లిస్టులో లేదని రెండో వారంలోనే తెలుసు,” అన్నాడాయన. “రిజిస్టరులో అడుగున పెన్నుతో రాసుకున్నా. క్లాసులో ఫస్టు.”

“మరి చెప్పలేదేమండీ?”

“చెప్తే వెళ్లిపోతుందిగా.”

పిల్లని పంపించేసి, అసలు తప్పెక్కడ జరిగిందో చూద్దామని మేడమ్ టైంటేబుల్ కాగితం బయటికి తీసింది. స్టాటిస్టిక్స్ గది 241. కాగితంలో 214 అని ఉంది. అది జియాలజీ గది. కాగితం కొట్టింది తనే, నోటీసు బోర్డుకి అంటించిందీ తనే. ఆ క్లాసులో నలభై ఒక్క మంది. నలభై మంది ఒకళ్లనొకళ్లు అడిగి సరైన గదికి చేరారు. మేడమ్ రాసింది మేడమ్ రాసినట్టు నమ్మింది ఒక్కతే.

ఆ పూట మేడమ్ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. సబ్జెక్టు మార్చుకునే గడువు దాటి అయిదు వారాలైంది. డీన్‌కి అర్జీ పెడితే తప్ప దారి లేదు. అర్జీలో ‘కారణం’ అని ఒక గడి ఉంది. ‘విద్యార్థిని పొరపాటు’ అంటే రెండు మాటల్లో పోతుంది. పెన్ను తీసి ‘సలహాదారు తప్పు’ అని రాసింది. అదీ రెండు మాటలే.

శనివారం అర్జీ మీద సంతకానికి ఆ పిల్ల తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇళ్లకి గచ్చురాళ్లు అమ్మే కొట్టు ఆయనది.

“రాళ్ల సంగతి నాకు తెలుసు మేడమ్. ముప్ఫై ఏళ్లుగా వాటి మధ్యే బతుకుతున్నా. తెలియంది లెక్కలు. అందుకే పిల్లనిక్కడ చేర్పించాను.”

“తప్పు అమ్మాయిది కాదండీ. గది నంబరు నేనే తప్పు కొట్టాను.”

ఆయన కూతురివైపు తిరిగాడు. “ఆ మాట నాతో అనలేదేమ్మా?”

“మేడమ్‌కి మాటొస్తుందని నాన్నా.”

“నీకు తెలుసా?” అంది మేడమ్.

“మూడో వారంలో తెలిసిందండీ.”

మేడమ్ పెన్నులు వెనక్కి జరుపుకుంది. అప్పుడు మిషన్లేవీ తిరగడం లేదు.

“ఇంతకీ ఏం నేర్చుకున్నావే?” అన్నాడు తండ్రి.

“మన కొట్లో నల్ల గ్రానైటని అమ్మేది గ్రానైట్ కాదు నాన్నా. గాబ్రో అని వేరే రాయి.”

“మంచిదా, నాసిరకమా?”

“మంచిదే. పేరొక్కటే తప్పు.”

ఆయన “కొనేవాళ్లతో అనకు,” అని, అర్జీ మీద సంతకం పెట్టాడు.

డీన్ ఒప్పుకున్నాడు. జియాలజీ లెక్కలోకి వచ్చింది, స్టాటిస్టిక్స్ సెలవుల్లో చదవమన్నారు. మేడమ్‌కి ఇకపై జాగ్రత్తగా ఉండమని ఒక మెమో ఇచ్చారు. ఆవిడ దాన్ని చదివి, ఫైల్లో పెట్టి, మధ్యాహ్నం మూడింటికి వచ్చిన పిల్లాడికి మార్కెటింగ్ ఎందుకు వదలకూడదో చెప్పింది.

సెలవుల తర్వాత మార్కులొచ్చాయి. స్టాటిస్టిక్స్‌లో అత్తెసరు మార్కులతో గట్టెక్కింది అమ్మాయి. మర్నాడే తండ్రి ఫోన్ చేశాడు. స్టాటిస్టిక్స్ గురించి ఆయనేమీ అడగలేదు.

“మేడమ్, ఆ రాళ్ల క్లాసులు ఇంకా ఎన్నుంటాయి?”

“నాలుగున్నాయండీ.”

“బిజినెస్‌కి దెబ్బ తగలకుండా ఎన్ని పడతాయి?”

మేడమ్ రెండు మూడు కాగితాలు తిరగేసి చూసింది. “రెండు.”

“రాసేయండి,” అన్నాడాయన. “గది నంబరు మాత్రం నాకూ ఓసారి చెప్పండి.”