ఆపే ప్రోటీన్

తడిసిన దుప్పటిని పిండబోతే సౌమ్య వేళ్లు ముడుసుకోలేదు. నీళ్లు కారుతున్న దుప్పటిని అట్లనే తీగ మీదేసింది. అరుగు మీద బీడీలు చేస్తున్న అత్త వెంకటవ్వ ఓరకంట చూసి, "సదివిన చేతులు పనికి ఒంగయి" అన్నది.

సౌమ్య కోరుట్లల ఓ ప్రైవేటు కాలేజీల జువాలజీ చెప్తది. గొల్లపల్లిల కల్లుగీసే భూమన్న బిడ్డ ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చేసిందని ఒకప్పుడు ఊరంత చెప్పుకున్నది. హైదరాబాదుల పీహెచ్‌డీ సీటు సుత వచ్చింది. గప్పుడే రంజిత్‌తోని సంబంధం కుదిరింది. లగ్గమైనంక సదువుకో, నేనేమన్న వద్దంటనా అన్నడు. లగ్గమైనంక ఆయన దుబాయి పోయిండు. అమ్మ ఒక్కతే అయితది, ఇప్పుడెందుకు గా సదువు అని అక్కడినుంచి ఫోన్ చేసిండు. కొట్టలేదు, తిట్టలేదు. గంత మెత్తగనే అయిపోయింది.

ఆమె పరిశోధన చేద్దామనుకున్న సంగతే ఇప్పుడు ఆమె కీళ్లల్ల నడుస్తున్నది. ఒంట్ల కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటయి. సైటోకైన్ అనే ఆ కబురు చేరంగనే కణం లోపల జాక్ అనే ఎంజైములు మేల్కొని, శత్రువు వచ్చిండు, మంట పెట్టమని లోపలికి చెప్తయి. అయితే కణం ఆ మంటను అట్లనే ఇడిసిపెట్టదు. ఆ కబురుతోనే దాన్ని ఆపే ప్రోటీన్‌ను సుత తయారు చేసుకుంటది. అది పోయి ఎంజైము పనిచేసే చోట అడ్డం కూసుంటది. ఇగ సాలు అన్నట్టు. ఆ ఆపుడు సరిపోకపోతే ఒళ్లు తన ఎముకలనే కొరుక్కుంటది. ఇదంత పిల్లలకు బోర్డు మీద గీసి చెప్తుంటే ఓనాడు ఆమె చేతుల చాక్‌పీస్ నిలవలేదు.

కరీంనగర్ డాక్టరమ్మ కీళ్లవాతం అన్నది. లోపల ఆపేది సాలుతలేదు, ఈ గోలి బయటినుంచి పోయి గా ఎంజైమునే ఆపుతదని చెప్పింది. ఇవి వేసుకున్నన్ని రోజులు కడుపు రావద్దు, పిల్లలు కావాల్నంటే ముందుగాల వచ్చి నన్ను కలువు, వేరే మందు రాస్త అన్నది. గోలీలు పనిచేసినయి. సౌమ్య మల్ల తన జడ తనే వేసుకున్నది.

ఎండకాలం రంజిత్ సెలవు మీద వస్తున్నడని తెలిసింది. కడుపు పండే టైముల ఏ గోలీ ఒద్దు, మేం కనలేదా అని వెంకటవ్వ పట్టుబట్టింది. వేరే మందు ఉన్నదంటే ఆ మాట ఆమె చెవికెక్కలేదు. సౌమ్య మొగనికి ఫోన్ల అంత విప్పి చెప్పింది, కబురు సంగతి, ఎంజైము సంగతి, ఆపే ప్రోటీన్ సంగతి. ఆయన ఓపిగ్గనే విన్నడు.

"అన్నీ నీకే తెలుసు. మరి నీ ఒళ్లే నీ మాట ఇంటలేదు గదా" అని నవ్విండు.

ఆ నవ్వుకు సౌమ్య తలొంచింది. గోలీలు ఆపింది. చుట్టాలు వచ్చిండ్రు, పోయిండ్రు. ఉబ్బిన చేతులతోని మటన్ వండింది, బోళ్లు తోమింది. పొద్దున లేవంగనే మణికట్లు కొయ్యబారేవి. కడుపు రాలేదు. సెలవైపోయి రంజిత్ ఎల్లిపోయిండు.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, గోలి మంటను ఆపుతది గని పోయిన ఎముకను తేలేదు తల్లీ అన్నది. వేళ్లు వంకర పోయినయి, ఇగ అట్లనే ఉంటయి.

వెంకటవ్వ చెప్తే రంజిత్‌కు తెలిసింది. "గోలీలు మల్ల షురూ చేసినవట?" అని ఫోన్ చేసిండు.

"చేసిన. ఇగ ఆపను. నీకు పిల్లలు కావాల్నంటే ఇంకొకామెను చేసుకో."

గదేం మాట అని కసురుకుంటడని, వద్దంటడని, ఒక్క మాటన్న అడ్డమేస్తడని సౌమ్య ఎదురుచూసింది. గింత ఆశ తనలో ఇంకా మిగిలున్నదని ఆమెకే తెల్వదు.

"సరే తియ్యి" అన్నడు రంజిత్. "అమ్మనడిగి చెప్త."

సౌమ్య గోలి నోట్లేసుకొని, రెండు అరచేతుల నడుమ గ్లాసు పట్టుకొని నీళ్లు తాగింది.