మిట్టబావి నీళ్లు

యుద్ధం ముగిసిన మరుసటేడు స్వర్ణముఖి పొంగి ఊరి మీద పడింది. వరద తీశాక ఇళ్లకన్నా బురదే ఎక్కువ మిగిలింది. మంచినీళ్ల బావులన్నీ చెడిపోయాయి. ఒకదాంట్లో ఎద్దు పడి ఉబ్బింది. దప్పిక ఆగక ఆ నీళ్లే తాగినవాళ్లకు వాంతిభేదులు పట్టుకున్నాయి.

చెడనిది అంటరానివాళ్ల పల్లె బావి ఒక్కటే. పంట పండని రాతిమిట్ట మీదికి వాళ్లను నెట్టింది ఊరే. ఆ మిట్టను వరద ఎక్కలేకపోయింది. ఇప్పుడు ఊరికి ఆ మిట్ట మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

మునసబు గోవిందయ్య పంచె ఎత్తిపట్టుకుని వచ్చాడు. పక్కన కోవెల అర్చకుడు యతిరాజులు, చేతిలో పసుపునీళ్ల చెంబు. వెనక ఖాళీ బిందెలతో ఊరి ఆడవాళ్లు. మునసబు తన ఏర్పాటు చెప్పాడు. బావికి శుద్ధి చేస్తారు. శుద్ధయ్యాక పల్లెవాళ్లు దాన్ని తాకకూడదు. ఊరి బావులు బాగయ్యేదాకా ఏటి చెలమల్లో ముంచుకోవాలి. ఆ చెలమల పక్కనే గొడ్ల కళేబరాలు కుళ్లుతున్న సంగతి ఆయన ముక్కుకు తెలియకపోదు.

పల్లె మగవాళ్లు తలలు వంచుకున్నారు. బావి గట్టు మీద కూర్చున్న అక్కమ్మ మాత్రం లేవలేదు. ఏటి నీళ్లు తాగిన కూతురు తాయమ్మ గుడిసెలో వాంతులతో పడి ఉంది. ఈ బావినీళ్లు కాచి గుక్కగుక్కగా పోస్తుంటేనే ప్రాణం నిలిచింది. చెలమ నీళ్లు పోస్తే సాయంత్రం దాటదు. అక్కమ్మకూ భయంగానే ఉంది. గట్టు రాయిని రెండు చేతులా పట్టుకుంది.

మునసబు గద్దించాడు. ఆయన వెంట వచ్చిన తలారి కర్ర ఎత్తాడు.

"కొట్టు సామీ," అంది అక్కమ్మ. "దెబ్బకు బాయిలోనే పడతా. శవం పడిన నీళ్లకు ఏ పసుపు సల్లుతారు?"

తలారి ఆగిపోయాడు.

"ఎండకాలం మీ బాయికాడికొస్తే తాకనీకుండా మీరే తోడి పోస్తారు గదా. ఈడ మేం పోస్తాం. దోసిలి పట్టండి."

యతిరాజులు చెవులు మూసుకున్నాడు. ఎండ ముదురుతున్నా ఎవరూ కదల్లేదు. కాసేపటికి మునసబు కోడలు వసంతమ్మ గుంపులోంచి బయటికొచ్చింది. చంకలో బిడ్డ కళ్లు లోతుకు పోయాయి. వాడు ఏడవడం కూడా మానేశాడు. మామ వద్దన్నాడు. ఆమె వినిపించుకోలేదు. గట్టు కింద కూర్చుని, బిడ్డను ఒళ్లో వేసుకుని, వాడి నోటి దగ్గర అరచెయ్యి పట్టింది.

అక్కమ్మ లేచి నీళ్లు తోడింది. ఊరివాళ్లు తనకు పోసేంత ఎత్తునుంచే పోసింది. వసంతమ్మ భుజం తడిసింది గానీ బిడ్డ నోట్లోకి చుక్క పోలేదు.

"కిందికి దించు," అంది వసంతమ్మ. "నీళ్లన్నీ నేలపాలవుతాండాయి."

అక్కమ్మ చెయ్యి ఆగింది. దించితే కడవ ఆమెకు తగులుతుంది. కర్ర చూసినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. అయినా దించింది. కడవ అంచు వసంతమ్మ వేళ్లకు ఆనింది. బిడ్డ గుటక వేశాడు.

గోవిందయ్య మొహం తిప్పుకున్నాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే గట్టు దగ్గరికి వచ్చారు.

అక్కమ్మ మళ్లీ కడవ నింపి చంకనెత్తుకుంది.

"ఇది నా బిడ్డకు. తాపించి వస్తా, ఉండండి."

ఆమె తిరిగొచ్చేదాకా ఊరు ఆ రాళ్ల మీద, ఎండలో, నిలబడే ఉంది.