అక్క నాలుకకు సరిపడా

పలకబెల్లం ముక్క కరగనని మొండికేసింది. లాయ్‌క్వాన్ దాన్ని గరిటె వెనకతో గిన్నె అంచుకు అదిమి నలిపింది. ఎండు పుల్లపళ్ల ముక్కలు ఉడికి నీళ్లు ఇటుక రంగుకు తిరిగాయి. వాటిని గుడ్డలో వడకట్టి పిప్పిని గట్టిగా పిండింది. అరవై నాలుగేళ్ల చేతులు. వేళ్ల కణుపులు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉన్నాయి. చెంచాన్నర బియ్యపు వెనిగర్ పోసి, చిటికెడు ఉప్పు వేసి రుచి చూసింది. పులుపు ముందుకు దూకింది. ఇంకో గోరంత బెల్లం వేసింది.

నలభై రెండేళ్లుగా ఆమె హాంకాంగ్‌లో పరాయి ఇళ్లలో వండుతోంది. ఏ ఇంట్లో ఎవరి నాలుకకు ఎంత కావాలో ఆమెకు తెలుసు. చైనాలోని సొంతూరు షున్‌డక్‌లో తన పదిహేడో ఏట, జన్మలో పెళ్లి చేసుకోనని ఒట్టేసి జుట్టు ముడి వేసుకున్న రోజున, ఆ జుట్టు దువ్వింది యిన్‌హో. రక్తసంబంధం లేకపోయినా అప్పటినుంచీ ఆమె అక్కే.

ఆ అక్క ఇప్పుడు తెర అవతల మంచం మీద, దుప్పటి కింద ఉందో లేదో తెలియనంతగా చిక్కిపోయి పడుకుని ఉంది. నాలుగు రోజులుగా గంజి కూడా ముట్టలేదు. ఈ పొద్దున కళ్లు తెరిచి, "మాంసం వద్దు. తీపిపులుపు రసం ఒక్కటే, అన్నం మీద పోసి పెట్టు" అంది. లాయ్‌క్వాన్ పనిచేసే ఇంట్లో మధ్యాహ్నం వంట ముగించి, సెలవడిగి, ట్రామెక్కి ఇద్దరూ అద్దెకుంటున్న ఈ గదికి వచ్చేసింది.

గది అద్దెకిచ్చిన ఇంటావిడ మోక్ గుమ్మంలో నిలబడింది.

"మూడింటికి ఆసుపత్రి బండి వస్తుంది. నేనే ఫోన్ చేశాను."

"అక్క వెళ్లనంటోందమ్మా."

"ఇక్కడే పోతే ఈ గదిలోకి మళ్లీ ఎవరొస్తారే? నా పొట్ట కొట్టకు."

"రెండు ముద్దలు తిననివ్వండి."

మోక్ చెప్పులీడ్చుకుంటూ వెళ్లిపోయింది. పంతొమ్మిదేళ్లుగా ఉంటున్న గదిలో తాను బతిమాలుకోవాల్సి వచ్చినందుకు లాయ్‌క్వాన్‌కు రోషమొచ్చింది. గరిటె తిప్పడం మాత్రం ఆపలేదు. పిండినీళ్లు పోయగానే రసం చిక్కబడి మెరిసింది.

మొదటి చెంచా యిన్‌హో నోట్లో చాలాసేపు ఉంది.

"తీపెక్కువ. ఏ దొరగారి పిల్లకు వండావే?"

లాయ్‌క్వాన్ పొయ్యి దగ్గరికి వెళ్లి నాలుగు చుక్కల వెనిగర్ కలిపి తెచ్చింది. రెండో చెంచా లోపలికి దిగింది.

"ఊఁ," అంది యిన్‌హో. ఇన్నేళ్లలో ఆమె నోట అంతకు మించిన మెప్పు రాలేదు. తర్వాత, "బండి మూడింటికేనా?" అంది.

వినేసిందన్నమాట. లాయ్‌క్వాన్ తల వంచుకుంది.

"నువ్వూ తిను. చల్లారితే గడ్డకడుతుంది."

లాయ్‌క్వాన్ ముక్కాలిపీట మీద కూర్చుని తిన్నది. ఆకలి లేదు, అక్క చెప్పింది కాబట్టి తిన్నది. బండి మెట్ల దగ్గర ఆగితే తలుపు తియ్యాలా, గడియ పెట్టాలా అని ఆలోచిస్తూ తిన్నది. గిన్నె ఖాళీ చేసి తిరిగి చూసేసరికి యిన్‌హో కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. రొమ్ము మీది దుప్పటి కదలడం లేదు. పెదవి మూల ఎర్రటి రసం మరక. లాయ్‌క్వాన్ దాన్ని బొటనవేలితో తుడిచింది.

మోక్ వచ్చి చూసింది. "బండివాళ్లకు నేను చెప్పుకుంటాలే. నువ్వు బట్టలు మార్చు," అని తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.

మంచం కింద పెట్టెలో, తన చివరి ప్రయాణానికని యిన్‌హో ఏనాడో కుట్టిపెట్టుకున్న నల్లబట్టలున్నాయి. వాటి కింద వెడల్పాటి గుడ్డ బూట్లు. ఇంకా అడుగున కాగితంలో చుట్టిన మరో జత ఉంది, చిన్నది, సన్నటిది. లాయ్‌క్వాన్ పాదం కొలత. చూపు ఆనని మనిషి వాటిని ఎప్పుడు కుట్టిందో, కుట్లన్నీ వంకరగా పోయాయి. ఎడమది పూర్తయింది. కుడిదానికి అడుగు సగమే పడింది. జానెడు నల్లదారంతో సూది అందులోనే గుచ్చి ఉంది.