చెల్లెకిచ్చిన కార్జం

చివ్వెంల నుంచి సూర్యాపేట దాకా తిండిలో నాగేందర్‌కు పెద్ద పేరుండేది. పెళ్లిళ్లలో ఆయన పక్కన కూర్చోవడానికి జనం పోటీపడేవారు. వడ్డించేవాళ్లు అలసిపోవాలే తప్ప ఆయన చెయ్యి ఆగేది కాదు. మటన్ బిర్యానీ ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడంటే ఉప్పు ఏ మాత్రం పడింది, మసాలా మాడిందా లేదా చెప్పేసేవాడు. వంటవాళ్లు కూడా పొయ్యి మీంచి బిర్యానీ గంజు దించగానే ముందు ఆయన్నే పిలిచి రుచి చూపించేవారు. ఊళ్లో వరి పొలం, సూర్యాపేటలో ఎరువుల దుకాణం, నవ్వుతూ పలకరించే నలుగురు స్నేహితులు. తిండి ఆయనకొక బలహీనత అని ఎవరూ అనలేదు. గొప్పగానే చెప్పుకున్నారు, ఆయనా గొప్పే అనుకున్నాడు.

ఆయనకు ఒక్కతే చెల్లెలు, శ్యామల. మిర్యాలగూడలో రైసు మిల్లున్న ఇంటికి ఇచ్చారు. మంచి మనిషి దొరికాడు, పిల్లలు పుట్టారు, అంతా బాగుందనుకుంటుండగా ఆమె కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లని ఆకుపసరు తాగించారు. తగ్గలేదు. కాళ్లు వాచాయి, పొట్టలో నీరు చేరింది. హైదరాబాదు దవాఖానలో పరీక్షలన్నీ చేసి, ఒంట్లోని రక్షణ శక్తే పొరపాటున లివర్‌ను తినేస్తోందనీ, ఎవరైనా దగ్గరివాళ్లు తమ లివర్‌లో కొంత ఇస్తే తప్ప ఆమె దక్కదనీ చెప్పారు. భర్త అరవింద్ ఇస్తానన్నాడు కానీ ఆయన బ్లడ్ గ్రూపు కలవలేదు. నాగేందర్‌ది కలిసింది.

"నాది తీస్కోండి సార్. ఎంత గావాల్నో అంత తీస్కోండి" అన్నాడు డాక్టరుతో.

స్కానింగ్ చూసి డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "మీ లివర్ నిండా కొవ్వుంది. ఇది కోసి ఆమెకు పెడితే పనిచెయ్యదు. మీకు మిగిలింది మీకూ చాలదు. తగ్గించుకుని రండి, అప్పుడు చూద్దాం. ఆలస్యం మాత్రం చెయ్యకండి."

తిరుగు ప్రయాణంలో నాగేందర్‌కు తను తిన్న విందులన్నీ గుర్తుకొచ్చాయి. ఎన్ని దావత్‌లలో ఎన్ని మేకల కార్జం వేపుడు లొట్టలేసుకుంటూ తిన్నాడో. ఇవాళ చెల్లెలికి తన కార్జం అవసరమైతే, కొవ్వు పట్టిన ఆ లివర్ ఎందుకూ పనికిరాకుండా పోయింది.

మరుసటి రోజు నుంచి నూనె వంటకాలేవీ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. పొద్దున నిలబడ్డ ఒట్టు సాయంత్రానికి దుకాణం ఎదురుగా మిర్చి బండి మీద నూనె కాగగానే కరిగిపోయేది. వాసన వస్తే కాళ్లు వాటంతట అవే రోడ్డు దాటేవి. ఇంటికొచ్చి ఆకలి లేదని అబద్ధం చెప్పేవాడు. భార్య సుమిత్ర చొక్కా మీది నూనె మరక చూసి కొంతకాలం ఊరుకుంది. ఒకరోజు ఇక ఊరుకోలేదు.

"నిన్ను కోస్తరంటే నాకు గుండె దడదడ కొట్టుకుంటున్నది. అయినా శ్యామలకు ఇయ్యొద్దని నేను ఒక్కనాడన్న అన్ననా? అసొంటప్పుడు నా దగ్గర దాస్తవెందుకు?"

నాగేందర్ తల దించుకున్నాడు. "దాస్తలేను సుమిత్రా. నా చెయ్యి నా మాట ఇంటలేదు."

"మరి ఇననీకి ఏం జెయ్యాల్నో నేర్పేటోళ్లు ఉన్నరట. కోదాడలో ప్రత్యూష అని సైకాలజిస్టు. మా పిన్ని బిడ్డ షుగరుకు ఆమె దగ్గరికే పోయింది."

"పిచ్చోళ్ల డాక్టరా?"

"రుచోళ్ల డాక్టరనుకో. రేపు పోదాం పా."

కోదాడ బస్టాండు దగ్గర మందుల షాపు పైన చిన్న గది ప్రత్యూషది. వయసులో నాగేందర్ కంటే చాలా చిన్నది. ఆయన చెప్పిందంతా ఓపిగ్గా విని, లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. తెర మీద పొగలు కక్కుతున్న బిర్యానీ.

"చూడగానే ఏమనిపిస్తోంది?"

"నోట్ల నీళ్లూరుతున్నయ్" అన్నాడు సిగ్గుపడుతూ.

"ఊరనివ్వండి. ఇప్పుడు ఇది తిన్నాక మీకేం జరుగుతుందో ఆలోచించండి. తినేటప్పుడు కాదు, తర్వాత. బొమ్మ మారేలోపు మనసులో చూడాలి. ఇదే మన సాధన. ఆకుకూరలూ కాయగూరలూ వచ్చినప్పుడు, అవి తింటే కలిగే మేలు ఆలోచించాలి. మనసు దేన్ని మళ్లీ మళ్లీ తలుచుకుంటే ఆ దారే దానికి అలవాటవుతుంది. మీరు ఇన్నేళ్లూ మొదటి ముద్దనే తలుచుకున్నారు. ఇక చివరి ముద్ద తర్వాత సంగతి తలుచుకోవాలి."

నాగేందర్‌కు అది చిన్నపిల్లల ఆటలా తోచింది. అయినా చెల్లెలి కోసం ఆడాడు. మిర్చి బజ్జీ, డబల్ కా మీఠా, నెయ్యి కారుతున్న లడ్డూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ప్రతిదానికీ ఆయన శ్యామల ముఖమే తలుచుకున్నాడు.

ఆ సంగతి తెలిసి ప్రత్యూష వద్దంది. "ఆమెను తలుచుకుంటే మీకు దుఃఖం వస్తుంది. దుఃఖం వచ్చినప్పుడు మీరేం చేస్తారు?"

ఆయన చూపు తెర మీది లడ్డూ వైపు మళ్లింది.

"మీ ఒంటి గురించే తలుచుకోండి. మీకు తెలిసిన నిజాలే."

ఆ మాట ఆయనకు అప్పుడు తలకెక్కలేదు. కొన్నాళ్లకు మిర్యాలగూడ వెళ్లి చెల్లెల్ని చూశాడు. శ్యామల మంచం మీద ఒత్తిగిలి పడుకుని, "అన్నా, నువ్వు పరేషాన్ గాకు. అయితే అయితది, లేకుంటే లేదు" అంది. అక్కడి నుంచి కోదాడకు వెళ్తూ నేరేడుచర్లలో బస్సు ఆగగానే దిగిపోయాడు. అక్కడి మిర్చి బండి ముందు నిలబడి, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా మిర్చి బజ్జీలు ప్లేటు తర్వాత ప్లేటు తిన్నాడు. మరో బస్సెక్కి, కోదాడలో ప్రత్యూష ఎదుట కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"ఇగ నాతోని గాదమ్మా. నన్ను తిట్టి పంపియ్యి."

ఆమె తిట్టలేదు. "రుచి మీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదట కదా, మీ ఆవిడ చెప్పారు. నిజం చెప్పండి. ఆ బజ్జీల రుచి మీకు ఎక్కడిదాకా తెలిసింది?"

నాగేందర్ కళ్లు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. మొదటి బజ్జీలో వాము ఘాటు తెలిసింది. రెండోదానికి నూనె పాతదని తెలిసింది. ఆ తర్వాత? ఆ తర్వాత ఏమీ లేదు. చెయ్యి కదిలింది, దవడలు కదిలాయి. బస్సులో గొంతు మంట, ఛాతీ మీద బరువు, మత్తు, తన మీద తనకే రోత.

"రెండోదానితోనే అయిపోయింది" అన్నాడు నెమ్మదిగా. "మిగిలినయి నేను తినలే. నా ఏడుపు తిన్నది."

"అదిగో, మీరు తలుచుకోవాల్సింది అదే" అంది ప్రత్యూష. "అంత స్పష్టంగా చెప్పినవాళ్లు నా దగ్గరికి ఇంతవరకూ రాలేదు."

ఆ రోజు నుంచి సాధనకు ప్రాణమొచ్చింది. నోటి మీద నమ్మకమున్న మనిషి ఆ నోటినే పనికి పెట్టాడు. పూరీ బొమ్మ రాగానే కడుపుబ్బరం, దుకాణంలో కునుకు, మెట్లెక్కుతుంటే వచ్చే ఆయాసం కళ్లముందుకు తెచ్చుకునేవాడు. తోటకూర బొమ్మ వస్తే తేలిగ్గా లేచి నడిచే పొద్దుటిపూట గుర్తుకొచ్చేది. ఇంట్లో ఫోన్‌లో బొమ్మలు పెట్టుకుని పొద్దునా సాయంత్రం చేసేవాడు. ఆశ పుట్టినప్పుడు దాన్ని తరమకుండా, అది పెరిగి పెరిగి తనంతట తను దిగిపోయేదాకా చూడటం నేర్చుకున్నాడు. సుమిత్ర జొన్నరొట్టె, పప్పుకూర, ఉడికించిన గుడ్లు పెట్టేది. "గోంగూరల ఇంత రుచున్నదా? ఇన్నేండ్లు నూనె కింద దాగింది" అని ఆయనంటే ఆమె నవ్వేది. మిర్చి బండి వాసన ఇంకా వస్తూనే ఉండేది. కాళ్లు మాత్రం దుకాణంలోనే ఉండేవి.

అంతలో సూర్యాపేటలో రామనర్సయ్య కొడుకు పెళ్లి వచ్చింది. రామనర్సయ్య ఆయనకు చిన్ననాటి స్నేహితుడు, పందాలు కట్టి తినిపించేది ఆయనే. ఫంక్షన్ హాల్లో నాగేందర్ కనబడగానే చెయ్యి పట్టుకుని మధ్య వరుసలో కూర్చోబెట్టాడు.

"మా నాగన్న వచ్చిండు. గంజు గీడనే పెట్టుండ్రి. ఇయ్యాల ఎవరు ఓడిపోతరో సూద్దాం."

చుట్టూ జనం మూగారు. మూత తీయగానే బిర్యానీ ఆవిరి ఆయన ముఖానికి తగిలింది. అది మంచి బిర్యానీ. చూడకుండానే చెప్పగలడు, కుంకుమపువ్వు పడింది, లేత మాంసం, దమ్ము సరిగ్గా కుదిరింది. ఒళ్లంతా దాని వైపు లాగింది. నాగేందర్ చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఛాతీ మీది బరువునూ, గొంతు మంటనూ పిలిచాడు. అవి వచ్చాయి. లాగుతున్నది కాస్త సడలింది. మళ్లీ లాగింది, మళ్లీ సడలింది. అప్పుడాయన రెండు ముద్దలు పెట్టించుకున్నాడు. కళ్లు మూసుకుని, ఇష్టంగా, నిదానంగా తిన్నాడు. తర్వాత పెరుగు పచ్చడీ దోసకాయ ముక్కలూ అడిగి, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"గిదేందిరా?" అన్నాడు రామనర్సయ్య. "బీమారొచ్చిందా? నా కొడుకు పెండ్లిల నా ఇజ్జత్ తీస్తవా?"

నవ్వులు లేచాయి. ఎవరో డబల్ కా మీఠా తెచ్చి విస్తరిలో వేయబోయారు. నాగేందర్ ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకు జరిపాడు.

"మా శ్యామలకు నా కార్జంల సగం ఇయ్యాలె. కొవ్వు పోతేనే తీస్కుంటమన్నరు. నేను దానికోసమే పని జేస్తున్న, రామనర్సయ్యా. బిర్యానీకి వంక లేదు. వండినాయన చెయ్యి చల్లగుండాలె."

నవ్వులు ఆగిపోయాయి. రామనర్సయ్యకు శ్యామల చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆమెకు ఒంట్లో బాగాలేదని విన్నాడు, ఇంతదాకా వచ్చిందని తెలియదు. ఆయన వంగి, గంజును రెండు చేతులతో ఎత్తి, తానే మోసుకెళ్లి అవతలి వరుసలో పెట్టి వచ్చాడు. తిరిగొచ్చి నాగేందర్ పక్కన కూర్చుని, తన విస్తరిలో కూడా పెరుగు పచ్చడి వేయించుకున్నాడు. మర్నాటి నుంచి పొద్దున్నే నడకకు ఆయనే వచ్చి తలుపు కొట్టేవాడు.

హైదరాబాదులో రెండోసారి స్కానింగ్ తీసినప్పుడు డాక్టరు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "ఇంత తొందరగా ఇంత మార్పా? ఏం చేశారు?"

"నేర్చుకున్న సార్" అన్నాడు నాగేందర్. పక్కనున్న సుమిత్ర కొంగుతో కళ్లొత్తుకుంది. భర్తను ఎంతోమంది ఎన్నోసార్లు మెచ్చుకోగా విన్నది, అవన్నీ తిండి గురించే. ఇలాంటి మెప్పు వినడం ఆమెకు ఇదే మొదటిసారి.

ఆపరేషన్ రోజు అన్నాచెల్లెళ్లను పక్కపక్క గదుల్లోకి తీసుకెళ్లారు. సుమిత్ర, అరవింద్ బయట బెంచీ మీద పొద్దంతా కూర్చున్నారు. పొద్దుగూకే వేళకు డాక్టరు వచ్చి ఇద్దరూ బాగున్నారని చెప్పాడు. నాగేందర్ తెలివిరాగానే అడిగింది ఒక్కటే, "పని జేస్తున్నదా?" చేస్తోందని నర్సు చెప్పింది. కోత నొప్పి ప్రాణం తోడేస్తున్నా ఆయన ముఖం విప్పారింది.

కోలుకోవడానికి నెలలు పట్టింది. ఆయన కడుపు మీది గీతను చూడటానికి ఊళ్లో జనం వచ్చిపోయేవారు. కోదాడ నుంచి ప్రత్యూష వచ్చింది. తన దగ్గరికి కొత్తగా వచ్చేవాళ్లతో ఒకసారి మాట్లాడాలని అడిగింది. వెళ్లి మాట్లాడాడు. ఇప్పుడు తినాలనిపించదా అని వాళ్లలో ఒకాయన అడిగితే, "అనిపిస్తది. ఎందుకనిపించదు? నాలుక కోసుకోలేదు గద" అన్నాడు. అందరూ నవ్వారు.

వరి కోతలయ్యాక వడ్లు పంపించే పని మీద నాగేందర్ మిర్యాలగూడ వెళ్లాడు. మిల్లు గేటు దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయి. తడిసిన వడ్లు తెచ్చినందుకు శ్యామల ఒక లారీ డ్రైవరుతో గట్టిగా వాదిస్తోంది. ముఖం ఎండకు ఎర్రబడింది, చీర కుచ్చిళ్లు ఎగదోపి ఉన్నాయి, పిడికిట్లో వడ్లు. కళ్లలో పచ్చదనం మచ్చుకైనా లేదు. డ్రైవరు గొణుక్కుంటూ లారీ వెనక్కి తిప్పుకున్నాడు.

పక్కనున్న రైతు ఒకాయన నాగేందర్‌తో, "అబ్బో, సేటమ్మ గట్టిదే. ఎవరింటి బిడ్డో" అన్నాడు.

"మా ఇంటిదే" అన్నాడు నాగేందర్. "నా చెల్లె."